రెండు పక్కలా అచ్చయిన కాగితం

“పారేసింది నువ్వే అవ్వా! ఈ రూములో కాగితం ముట్టేది నువ్వు గాక ఇంకెవరుండారు?”

“నేను కాగితం పారేస్తానా? గుండుసూది కింద పడితే చీపురు పక్కన పెట్టి ఎతికేదాన్ని నేను. నీ మిషనే మింగింటాది, దాన్నడుగు పో.”

“మిషన్ మింగదు. ఇదో, ఈడ రాసిపెట్టింది చూడు. మంగళవారం పొద్దున పది గంటలకి ఒక మెయిల్ వచ్చింది. తెచ్చినా అని రాసింది, అచ్చేసినా అని రాసింది, చెరిపేసినా అని రాసింది.”

“ఇన్ని రాసింది, దాంట్లో ఏముండాదో ఒక్క ముక్క రాసిపెట్టుకోలేదా?”

కంప్యూటర్ మేడం మళ్ళా మిషన్ వైపు తిరిగింది. నేను గెలిచాననుకుని చీపురు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న పిల్ల పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నేను గెలిచింది ఏమీ లేదని తెలిసిపోయింది.

కొత్తగా పనిలో చేరే పిల్లలు చదువుతారు, నువ్వు కూడా నీ పని గురించి ఏమన్నా రాయమని కాలేజీ వాళ్ళు అడిగారు. నేను ఐదో తరగతి సగంలో మానేసినదాన్ని. పెద్ద పెద్ద విషయాలు నాకు రావు. నా ముప్పై ఏళ్ళ కొలువులో నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇది. అందుకే దీన్నే రాస్తున్నాను. తప్పు నాదే కానీ దాన్నుంచి బయటపడింది నలుగురి పుణ్యం. వాళ్ళ పేర్లు రాయను. చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

మాది ఎర్రగుంట్ల పక్కన డిప్లొమా కాలేజీ. ఎంత ఊడ్చినా సాయంత్రానికి కిటికీ రెక్కల మీద సిమెంటు దుమ్ము తెల్లగా కూర్చునేది. నేను ఆఫీసు అటెండరును. పొద్దున తాళాలు తీయడం, ఊడ్వడం, కుండలో నీళ్ళు నింపడం, వచ్చిన తపాళ్ళు ఎవరివి వాళ్ళకిచ్చి పుస్తకంలో సంతకం పెట్టించుకోవడం నా పని. అప్పటికే నాకు మనమళ్ళున్నారు, జుట్టు నెరిసింది. పిల్లలంతా అవ్వా అనేవాళ్ళు. వాళ్ళను చూసి కంప్యూటర్ మేడం కూడా అవ్వా అనేది. ఆమెది ఆదోని వైపు. పాతికేళ్ళు కూడా ఉండవు. మాట చురుకు, చెయ్యి ఇంకా చురుకు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. ఇంటర్నెట్ అంటే ఫోను లైనే. అది నడుస్తుంటే ఫోను మోగదు, ఫోను మాట్లాడుతుంటే అది నడవదు. అందుకని పొద్దున పది గంటలకు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి మెయిళ్ళు చూసుకోమని ప్రిన్సిపాల్ సారు చెప్పారు. మేడం ఆ రెండు వేళలకూ క్లాసుల్లో ఉండేది. అందుకే తాను లేకపోయినా మిషన్ తనంతట తానే మెయిళ్ళు తెచ్చి అచ్చేసేటట్టు ఒక ప్రోగ్రాం రాసింది. రాసిన రోజు నన్ను కూర్చోబెట్టి చూపించింది.

“మన మెయిళ్ళు నేరుగా మన కంప్యూటర్లోకి రావు అవ్వా. యాడనో దూరంగా సర్వర్ అని ఒకటి ఉంటాది. దాంట్లో మన కాలేజీ పేరున ఒక పెట్టె. ఈ ప్రోగ్రాం ఆడికి పోయి తెస్తాది.”

“ఇదంతా నువ్వే రాసినావా?”

“అంతా కాదు. పోయి తెచ్చే పని ముందే ఎవరో రాసిపెట్టినారు, అందరూ వాడుకోమని. దాన్ని లైబ్రరీ అంటారు. లోపలికి పో అంటే పోతాది. ఎన్నుండాయంటే చెప్తాది. మూడోది తెమ్మంటే తెస్తాది. చెరిపెయ్ అంటే చెరిపేస్తాది. ఇంగ చాలు రా అంటే వస్తాది.”

“చెప్పిన మాట ఇనే అటెండరు, అంతే కదా?”

“అంతే.”

“జీతం?”

“జీతం లేదు.”

“అట్లయితే నన్నెప్పుడు తీసేస్తారు?”

మేడం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. “నువ్వు లేకుంటే దానికి ప్రింటర్లో కాగితం ఎవరు పెడతారు అవ్వా?” అంది.

చెరిపేయమని ఎందుకు రాసిందంటే దానికీ కారణం ఉంది. మా పెట్టె చాలా చిన్నదట. అంతకు ముందు ఏడాది అది నిండిపోయి, వచ్చిన ఉత్తరాలు వచ్చినట్టే వెనక్కి పోయాయి. పై ఆఫీసు నుంచి వచ్చిన పరీక్షల కాగితం కూడా అట్లాగే వెనక్కి పోయి సారు మాట పడవలసి వచ్చింది. అందుకని మేడం వరస పెట్టింది. తెచ్చుకో, అచ్చెయ్యి, చెరిపెయ్యి, బయటికి రా. పెట్టె ఎప్పుడూ ఖాళీగా ఉండేది. మా సారు కూడా శానా బాగుందన్నారు.

ఇక నా సంగతి. కాగితం విషయంలో నేను ఎవరి మాటా వినను. చిన్నప్పుడు పలక కొనుక్కోలేక బొగ్గుతో బండ మీద రాసుకున్నదాన్ని. ఒక పక్క తెల్లగా ఉన్న కాగితాన్ని చింపడం నా చేత కాదు. ఆఫీసులో సరుకులు కావాలని రాసిన పాత ఇండెంట్లు, పాత టైంటేబుళ్ళు, అన్నీ తిప్పి, మూలలు సాపు చేసి, తెల్ల పక్క వచ్చేటట్టు ప్రింటర్లో పెట్టేదాన్ని. కొత్త కాగితాల కట్ట బీరువాలో, తాళం నా నడుముకు. రెండు పక్కలా నిండిపోయిన కాగితాలను మాత్రం ఒక అట్టపెట్టెలో వేసేదాన్ని. ప్రతి బుధవారం ఆ కట్ట తీసుకుపోయి, లారీలు నిలబడే దారిలో శనక్కాయలు అమ్మే ముసల్మాను పిన్నమ్మకు ఇచ్చేదాన్ని. అందరం ఆమెను ఖాలా అనేవాళ్ళం. ఆమె వాటిని నాలుగు ముక్కలుగా చింపి పొట్లాలు కట్టేది. అట్లా మా కాలేజీలో కాగితమన్నది ఏదీ వ్యర్థమయ్యేది కాదు. నాకది గొప్పగా ఉండేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కట్ట ఇచ్చినప్పుడల్లా ఖాలా నా సంచిలో దోసెడు ఉడకబెట్టిన శనక్కాయలు పోసేది. “మీ మనమళ్ళకి అమ్మా, వద్దనకు” అనేది. నేను వద్దనలేదు. కాలేజీ కాగితానికి నా ఇంట్లో శనక్కాయలు. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు కూడా.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి. కెమిస్ట్రీ డిప్లొమా ఆఖరి ఏడాది. తండ్రి బండల పాలిష్ మిల్లులో పనిచేసి పనిచేసి దగ్గు పట్టి మంచమెక్కాడు. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ట్రైనీలను ఏడాదికొకసారి పిలుస్తారు. ఆ పిల్ల దరఖాస్తు పెట్టింది. పరీక్ష కర్నూలులో. పిలుపు కాగితం కాలేజీ మెయిల్‌కు వస్తుందన్నారు. రోజూ వచ్చి “వచ్చిందా అవ్వా?” అనేది. నేను తపాళ్ళ పుస్తకం చూసి “రాలే” అనేదాన్ని.

శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చింది. పొద్దుటూరు కాలేజీలో చదివే స్నేహితురాలికి మంగళవారమే పిలుపు వచ్చిందట. పరీక్ష శనివారం. అంటే మరుసటి రోజే. మేడం కర్నూలుకు ఫోను చేసింది. అవతల ఎవరో, “మంగళవారమే మీ కాలేజీకి పంపించినామమ్మా, పంపిన సారు పరీక్ష పనిలో బయట ఉండారు, మళ్ళా పంపేది కుదరదు. నంబరుండే లెటర్ లేకుంటే గేటు లోపలికి రానీరు” అన్నారట. మేడం సర్వర్లో చూసింది. పెట్టె ఖాళీ. కంప్యూటర్లో చూసింది. లేదు. అక్కడి నుంచి మొదలైంది మొదట్లో నేను రాసిన ఆ గొడవ.

పిల్ల ఏడుస్తుంటే నేను చీపురు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. మంగళవారం పది గంటలకు నేనెక్కడున్నానని ఆలోచించాను. తపాళ్ళు వెయ్యడానికి పోస్టాఫీసుకు పోయాను. తిరిగొచ్చేసరికి ప్రింటర్ బల్ల కింద ఒక కాగితం పడి ఉంది. ఫ్యాను గాలికి పడిందనుకుని తీశాను. ఒక పక్క హాస్టల్ బియ్యం పప్పుల పాత ఇండెంటు. తిప్పితే రెండో పక్క కూడా అక్షరాలు. ఇంగ్లీషు. రెండు పక్కలా నిండింది కదా అని అట్టపెట్టెలో వేశాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు ఆ పనికి.

నేను పెట్టిన పాత కాగితం వెనకే ఆ పిల్ల పిలుపు అచ్చయింది.

చెప్పకుండా ఉండొచ్చు కదా అని కూడా అనిపించింది, నిజం రాస్తున్నాను. మిషన్ మీద నెట్టేస్తే ఎవరికీ తెలియదు. మేడం అప్పటికే సగం తన తప్పేనేమో అన్నట్టు కుర్చీలో కూలబడి ఉంది. కానీ ఆ పిల్ల పైటకొంగు చూశాను. కుట్టుకున్న చోట మళ్ళా కుట్టి ఉంది. నేనూ అట్లాగే కుట్టుకుంటాను.

“మేడం, నేను పారెయ్యలేదు. ఇచ్చినా” అన్నాను.

“ఎవరికి?”

“శనక్కాయలమ్మే ఖాలాకి.”

మేడం నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. “కంప్యూటర్లో ఉంటాది కదా అని నువ్వు కాగితం ఇచ్చేస్తివి. కాగితం ఉంటాది కదా అని నేను కంప్యూటర్లో చెరిపేస్తిని. ఇద్దరం ఇద్దరే” అంది. లేచి చెప్పులేసుకుంది. “పదండి.”

ఎండ మాడిపోతోంది. ముగ్గురం లారీల దారికి పోయాం. ఖాలా గొడుగు కింద కూర్చుని పొట్లాలు చుడుతోంది. నా మొహం చూసి, “ఏమైందమ్మా? ఈ రోజు బుధవారం కాదే” అంది. సంగతి చెప్పాను. ఆమె పొట్లాలు చుట్టడం ఆపి, చింపిన ముక్కల దొంతరంతా తన గోనె మీద పరిచింది. బేరానికి వచ్చినవాళ్ళను, “కొంచెం ఆగు బాబూ, ఒక బిడ్డ పరీక్ష పోతాంది” అని పంపేసింది. ఇంగ్లీషు కనిపించిన ముక్కనల్లా మేడం తిప్పి చూసింది. వెనక పక్క బియ్యం, కందిపప్పు, చింతపండు అని నా కంటికి తెలిసిన ఇండెంటు రాత ఉంటే అదే మా కాగితం. ఒకటి దొరికింది. రెండు దొరికాయి. మూడు. పరీక్ష జరిగే చోటు ఉంది, టైము ఉంది, ఆ పిల్ల పేరు సగం ఉంది. నంబరుండే పై మూల లేదు.

“నాలుగోది యాడ పోయింది ఖాలా?”

ఖాలా కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. “గంట కూడా కాలేదు. నీలం రంగు లారీ. ముందర నిమ్మకాయల దండ పెద్దది కట్టింటాడే, ఆ డ్రైవర్. ఒక్క పొట్లమే తీసుకునె.”

ఫ్యాక్టరీ గేటు దాకా లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. వంతు వచ్చేదాకా డ్రైవర్లు నీడ చూసుకుని పడుకునేవాళ్ళు. మేము ముగ్గురం ఆడవాళ్ళం ఒక్కొక్క లారీ కింద తల పెట్టి చూస్తూ పోతుంటే వాళ్ళకు వేడుక అయింది.

“ఏం పోయింది పెద్దమ్మా, ముక్కుపుడకనా?”

“శనక్కాయల పొట్లం కాగితం నాయనా.”

“కాగితమే చాల్నా, పొట్టు వద్దా?”

“పొట్టంతా బండి చుట్టూ పోసినావు కదా. ఊడ్చేదానికి కూడా నన్నే రమ్మంటావా? సగమే తిన్యావు, సగం మట్టి పాలు చేసినావు.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేడం కూడా నవ్వింది. ఆ పిల్ల మాత్రం నా చెయ్యి పట్టుకుని, “నాకు రాకపోయినా పర్వాలేదవ్వా. గేటు లోపలికి పోయి కూచుంటే చాలు. పోకుండానే పోగొట్టుకున్నా అని మా నాయనకి చెప్పలేను” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

నీలం లారీ వరసలో బాగా ముందుంది. డ్రైవర్ స్టీరింగ్ మీద తలపెట్టి నిద్రపోతున్నాడు. లేపితే విసుక్కున్నాడు. మేడం సంగతి చెప్పగానే చొక్కా జేబులోంచి మడత పెట్టిన ముక్క తీసి చూపించాడు. అదే. ఆ పిల్ల నంబరు దాని మీదే ఉంది. కానీ దాని పక్కనే పెన్సిల్‌తో ఇంకో నంబరు, ఒక గీకుడు సంతకం ఉన్నాయి.

“ఇది ఇచ్చేది లేదమ్మా,” అన్నాడు. “గేటుకాడ గుమాస్తా చీటీకి కాగితం లేదంటే నేనే ఈ ముక్క ఇచ్చినా. నా సీరియల్ దీని మీద రాసిచ్చినాడు. ఇది పోతే నా వంతు పోతాది. రెండు దినాలు ఈడ పడిండి ఇప్పుడే తీసుకున్నా ఈ చీటీ.”

ఆయన అన్నదీ న్యాయమే. ఆ ముక్క ఇద్దరిదయింది. ఆయనదంటే ఆయనది, ఆ పిల్లదంటే ఆ పిల్లది.

“అప్పా, నువ్వే చేత పట్టుకో, మాకియ్యద్దు. గుమాస్తా దగ్గరికి పోదాం రా” అన్నాను. ఆయన నసుగుతూనే దిగాడు.

గుమాస్తా గేటు పక్కన రేకుల కొట్టంలో ఉన్నాడు. “ఒకసారి రాసిచ్చిన చీటీ మళ్ళా రాయము. రాస్తే ఒకే వంతుకి ఇద్దరొస్తారు” అన్నాడు తలెత్తకుండా.

“నాయనా, నేను కూడా ఆఫీసులో పనిచేసేదాన్నే. నీ పుస్తకంలో ఈయన పేరుండాదా లేదా?”

“ఉండాది.”

“కొట్టేసినావా?”

“యాడ కొట్టేస్తా? బండి లోపలికి పోయినాకనే కదా కొట్టేసేది.”

“మరి పుస్తకం నీ దగ్గరే ఉన్నప్పుడు చీటీ మారితే ఏం పోతాది? కొత్తది రాసియ్యి. పాతదాని మీద నీ నంబరు కొట్టేసి మాకియ్యి. నీ ముందరే ఈ బిడ్డ సంతకం పెడతాది, పాతది తీసుకున్నా అని.”

ఆయన అప్పుడు తలెత్తాడు. ఆ పిల్లను చూశాడు. మేడం తన నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఆయన ముందు పెట్టింది. ఇటు అటు తెల్లగా ఉన్న కాగితం. నేను ఏమీ అనలేదు. ఆయన రాశాడు, పాతదాని మీద అడ్డంగా గీశాడు, పిల్ల చేత సంతకం పెట్టించుకున్నాడు. డ్రైవర్ కొత్త చీటీ జేబులో పెట్టుకుని, “బాగా రాయి చెల్లెమ్మా. ఆ ల్యాబులో కూచుంటే మా బండ్లు తొందరగా వదిలిపెట్టమని చెప్పు” అన్నాడు.

తిరిగి వస్తూ చాలా దూరం నడిచాక మేడం, “చూసినావా అవ్వా? బండి లోపలికి పోయినాకనే కొట్టేస్తాడంట” అంది.

“మా తపాల్ పుస్తకం కూడా అంతే కదమ్మా. సంతకం పెట్టకుండా నేను ఎవరికన్నా కాగితం వదిలి వచ్చినానా?”

“నా ప్రోగ్రాం సంతకం అడగలేదు” అంది. “నిజానికి ఆ లైబ్రరీ చెరిపెయ్ అన్నా వెంటనే చెరపదవ్వా. బయటికి రా అని చెప్పేదాకా ఆగుతాది. ఆగే గుణం దానికుండాది. ఆగమని చెప్పనిది నేను.”

ఆఫీసులో ప్రిన్సిపాల్ సారు ఎదురుచూస్తున్నారు. ఆయన ముందు నిలబడి అంతా చెప్పాను. శనక్కాయల సంగతితో సహా చెప్పాను. మేడం మధ్యలో, “తప్పు నాది కూడా సార్. కంప్యూటర్లో ఒకటి దాచిపెట్టేటట్టు రాయలేదు నేను” అంది. నా పక్కన నిలబడి ఆ మాట అనాల్సిన అవసరం ఆమెకు లేదు. నేను ఒక్కదాన్నే ఒప్పుకున్నాను కదా, ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. అందుకే ఆమెను ఇప్పటికీ తలుచుకుంటాను.

సారు పెన్ను కింద పెట్టి, “కాగితం మిగిలించినందుకు మెమో ఎట్లా రాయాల్నో నాకు తెలీదమ్మా” అన్నారు. “ముందు ఆ ముక్కలు అతికించండి.”

బీరువా తాళం తీశాను. కొత్త కట్టలోంచి ఒక తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టాను. అన్ని ఏళ్ళలో ఎవరూ అడగకుండా నేనే తీసిచ్చిన కొత్త కాగితం అదొక్కటే. మేడం నాలుగు ముక్కలూ దాని మీద గమ్ముతో అతికించింది. నూనె మరక ఒకటి, ఉప్పు తడి ఒకటి, గుమాస్తా అడ్డగీత ఒకటి. అయినా నంబరు బాగా కనిపిస్తోంది. సారు కింద రెండు వరసలు రాసి, సంతకం పెట్టి, సీలు వేశారు. పిల్ల దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇంటికి పోయింది.

ఆ పిల్లకు ఉద్యోగం వచ్చిందా అని మీరు అడుగుతారు. వెంటనే రాలేదు. గేటు దగ్గర ఆ కాగితం చూసి నవ్వారట, కానీ రానిచ్చారట. పరీక్ష రాసింది. తీసుకున్నవాళ్ళ జాబితాలో పేరు లేదు. నాలుగు నెలలకు ఎవరో చేరకుండా వదిలేస్తే, తరువాతి వరసలో ఉన్న ఆ పిల్లను పిలిచారు. ఆ పిలుపు కూడా మా మెయిల్‌కే వచ్చింది. ఆ కాగితానికి మొదటి సంతకం నాది. సైకిల్ ఎక్కిన మనిషినెవరినో బతిమాలి ఆ పిల్ల ఇంటికి కబురు పంపించాను. తండ్రి దగ్గుకుంటూనే వచ్చి మా ఆఫీసు గడప దగ్గర నిలబడి దండం పెట్టాడు. నాకెందుకు పెట్టావయ్యా అని కసిరాను.

పిల్లలకు నేను చెప్పేది ఎక్కువేమీ లేదు. మీ మిషన్లు మా రోజుల కంటే చాలా పెద్దవి. పెట్టెలు కూడా నిండవంటున్నారు. కానీ మీ చేతిలోంచి ఒకటి పోయే ముందు, అవతలి చేతిలో పడిందా లేదా అని ఒక్కసారి చూసుకోండి. అవతలివాళ్ళు చూసుకుంటారులే అని మీరనుకుంటే, వాళ్ళు మీ మీద అదే అనుకుంటూ ఉంటారు. తప్పు బయటపడినప్పుడు పక్కన నిలబడి నాది కూడా అనే మనిషి మీకు దొరికితే, ఆ మనిషిని వదులుకోకండి. ఆ మేడం రెండేళ్ళకు బదిలీ మీద కర్నూలుకు పోయింది. పోయేటప్పుడు నాకు ఒక కొత్త నోటు పుస్తకం ఇచ్చింది. ఇది ఆ పుస్తకంలోనే రాస్తున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, పేజీలు వ్యర్థమవుతాయని.

మరుసటి రోజు పొద్దున ఏం జరిగిందో చెప్పి ఆపుతాను.

ఐదు గంటలకు బస్టాండుకు పోయాను. పిల్ల అప్పటికే ఉంది. కర్నూలు బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, అట్టల మధ్య పెట్టుకున్న కాగితాన్ని ఒకసారి తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టింది. బస్సు పోయింది. నేను నడుచుకుంటూ కాలేజీకి వచ్చి తాళాలు తీశాను, ఊడ్చాను, కుండ నింపాను. ప్రింటర్లోని పాత కాగితాలన్నీ బయటికి తీసి, ఒక్కొక్క దానికి పాత పక్కన ఎర్ర పెన్సిల్‌తో మూల నుంచి మూలకు అడ్డగీత గీశాను. గీసి మళ్ళీ ప్రింటర్లోనే పెట్టాను.

తొమ్మిదిన్నరకు మేడం వచ్చింది. ఆ రోజు క్లాసు వేరేవాళ్ళకు అప్పజెప్పి, ప్రోగ్రాంలో తాను రాసిన వరస మార్చింది. పది గంటలకు మిషన్ ఒక మెయిల్ తెచ్చి, కంప్యూటర్లో ఒకటి దాచి, ఒకటి అచ్చేసి, చెరపకుండా ఆగింది. పుస్తకాలు అమ్మేవాళ్ళ ధరల పట్టిక, అంతే. మేడం తపాల్ పుస్తకం తెరిచి నా ముందుకు జరిపింది. నేను కాగితం తీసుకుని ఎర్ర గీత ఉన్న పక్కను, లేని పక్కను చూసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

“చెరిపేదా అవ్వా?” అంది మేడం.

“చెరుపు” అన్నాను.